చీపురు ఎవరిది, లెక్క ఎవరిది

ఇల్లినాయ్ రాష్ట్ర పాఠశాలల చట్టంలో 10-22.34సి అని ఒక సెక్షన్ ఉంది. 2007 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. చదువుతూ పోతే అది శాసనంలా ఉండదు. మేస్త్రీ చేతిలో ఒకసారి దెబ్బతిన్నవాడు రెండో ఇల్లు కట్టించే ముందు రాయించుకున్న కాగితంలా ఉంటుంది.

బడి ఊడ్చే పనో, బస్సు నడిపే పనో, వంటపనో స్కూలు బోర్డు బయటి కంపెనీకి ఇవ్వదలచుకుంటే, ఇప్పుడున్న సిబ్బంది యూనియన్‌తో కుదిరిన ఒప్పందం గడువు తీరేదాకా ఆ కాంట్రాక్టు అమలు కాకూడదు. టెండరు వేసే కంపెనీ కనీసం 3 ఏళ్ల ఖర్చు ముందే చెప్పాలి, పని చేతికొచ్చాక ఆ అంకె పెంచకూడదు. తన మనుషులకు బోర్డు సిబ్బందికి ఉన్న సదుపాయాలతో పోల్చదగ్గవి ఇవ్వాలి. ప్రతి ఒక్కరి నేరచరిత్రా తనిఖీ అయిందని కంపెనీ అధిపతే ప్రమాణపత్రం దాఖలు చేయాలి. బోర్డుకూ పని తప్పలేదు. సొంత సిబ్బందితో నడిపితే ఎంత, బయటికిస్తే ఎంత అని పద్దు పద్దుకీ పక్కపక్కన పెట్టి చూపాలి. టెండర్లు విప్పి చర్చించేది మామూలు బోర్డు సమావేశంలో, జనం ఎదుట. అంతకుముందు కనీసం ఒక బహిరంగ విచారణ జరగాలి. ఉద్యోగం పోయినవాళ్లలో అర్హులుంటే కొత్త కంపెనీ ఖాళీలు వాళ్లకు ఇవ్వజూపాలి.

బడి ఊడవడానికి ఇంత తతంగమా అనిపిస్తుంది. ఇలాంటి చట్టాలు నాలుగైదు పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి బోధపడుతుంది. ప్రైవేటు గొప్పా, సర్కారు గొప్పా అన్న పాత వాదం వాటిలో పెద్దగా కనిపించదు. మిగిలిందంటున్న డబ్బు ఎవరి జేబులోంచి మిగిలింది, ఆ లెక్క ఎవరు వేశారు, ఎవరెదుట వేశారు, ఇక్కడే చట్టాలు ఒకదానితో ఒకటి తగువు పడతాయి. ఒక రాష్ట్రం లెక్క బయటపెట్టమంటుంది. ఒకటి ఆ లెక్క గురించి అడిగే హక్కే యూనియన్‌కు లేదంటుంది. ఇంకొకటి, జీతం కోసి మిగిల్చింది మిగులే కాదు పొమ్మంటుంది.

మన పాఠకులకు అమెరికా స్కూలు బోర్డు సంగతి కొంత చెప్పాలి. ఆ దేశంలో 13,000 దాకా స్కూలు జిల్లాలున్నాయి. చాలావాటికి ఊరివాళ్లు ఓటేసి ఎన్నుకున్న బోర్డులుంటాయి, డబ్బులో పెద్దవాటా ఇళ్ల పన్ను నుంచి వస్తుంది. షికాగో పక్కన నేపర్‌విల్‌లోనో, డెట్రాయిట్ పక్కన నోవైలోనో ఇల్లు కొనే తెలుగువాళ్లు ముందు చూసేది స్కూలు జిల్లానే. తరువాత ఏటా ఆ పన్ను కడుతూ నిట్టూర్చేదీ వాళ్లే. పన్ను పెంచితే ఓటు పోతుంది, టీచర్ల జోలికి వెళితే తల్లిదండ్రులు ఊరుకోరు. అందుకే బోర్డు చూపు ముందుగా పడేది బస్సు, చీపురు, వంటగిన్నె మీద. ఈ మూడింటికీ కలిపి పెట్టిన పేరు ‘బోధనేతర సేవలు’. ఇది కాదు, అది కాదు అని చెప్పడమే తప్ప ఆ మాటలో ఏది అవునో ఉండదు.

చట్టం వైపు నుంచి చూస్తే కథ మొదలయ్యేది బడిలో కాదు, కాలిఫోర్నియాలోని ఒక ఫ్యాక్టరీలో. ఫైబర్‌బోర్డ్ అనే కంపెనీ తన ప్లాంటులో మరమ్మతులు, నిర్వహణ చూసే సొంత కార్మికులను తీసేసి పని కాంట్రాక్టరుకు అప్పగించింది. యూనియన్‌తో మాట్లాడకుండా అలా చేయడం కుదరదని 1964లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు ప్రైవేటు రంగానిది. ప్రభుత్వోద్యోగుల సంబంధాలు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. అయినా చాలా రాష్ట్రాల కార్మిక బోర్డులు ఆ తర్కాన్నే పట్టుకున్నాయి: పని బయటికివ్వాలంటే ముందు కూర్చుని బేరమాడాలి.

మిషిగన్ 1994లో దాన్ని తిరగేసింది. గవర్నర్ జాన్ ఎంగ్లర్ కాలంలో వచ్చిన 112వ చట్టం, బోధనేతర సేవలు బయటికివ్వాలా వద్దా, ఎవరికివ్వాలి, దానివల్ల సిబ్బందికి ఏమవుతుంది, ఇవేవీ స్కూలు బోర్డు యూనియన్‌తో బేరమాడకూడని విషయాలని రాసింది. గమనించండి, ‘బేరమాడనక్కర్లేదు’ కాదు, ‘బేరమాడకూడదు’. బోర్డు ఉదారంగా మాటిచ్చినా ఆ మాటకు విలువ లేదు. రాష్ట్ర సుప్రీంకోర్టు 1996లో ఆ చట్టాన్ని నిలబెట్టింది. 2009లో చేసిన సవరణ ఒక చిన్న కిటికీ తెరిచింది: ఆ పని చేస్తున్న సిబ్బందికి కూడా ఇతరులతో సమానంగా టెండరు వేసే అవకాశం ఇస్తేనే ఈ నిషేధం వర్తిస్తుంది. అంటే ఇరవయ్యేళ్లుగా బస్సు తోలుతున్న మనిషి తన ఉద్యోగానికి తానే కొటేషన్ వేసుకోవచ్చన్నమాట.

ఫలితం అంకెల్లో తెలిసింది. స్వేచ్ఛా విపణిని గట్టిగా సమర్థించే మాకినాక్ సెంటర్ అనే సంస్థ మిషిగన్ జిల్లాలను క్రమం తప్పకుండా సర్వే చేస్తూ వచ్చింది. భోజనం, శుభ్రత, రవాణా మూడింటిలో కనీసం ఒక్కటైనా బయటికిచ్చిన జిల్లాలు 2001లో 31 శాతం, 2015 నాటికి సుమారు 70 శాతం. చట్టం వచ్చింది 1994లో. మరి ఇంత పరుగు ఆ తరువాతెప్పుడో ఎందుకొచ్చింది? పింఛను వల్ల. బోర్డు జీతపు పట్టీలో ఉన్న ప్రతి ఉద్యోగి తరఫునా రాష్ట్ర పింఛను నిధికి జీతంలో ఇంత శాతమని కట్టాలి. ఆ శాతం పెరిగి పెరిగి 20 దాటింది. అందులో పాత బాకీ తీర్చే వాటాను 2012లో శాసనసభ 20.96 శాతం దగ్గర కట్టేయాల్సి వచ్చింది. కాంట్రాక్టరు మనిషి ఆ పట్టీలో ఉండడు. చీపురు అదే, మనిషి కూడా చాలాసార్లు అదే. పట్టీ మారితే చాలు, బోర్డు ఖర్చు తగ్గుతుంది. అయితే పింఛను నిధికి ఉన్న పాత బాకీ ఎక్కడికీ పోదు. కట్టేవాళ్లు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల నెత్తిన బరువు పెరుగుతుంది. ఒక్కో బోర్డు లెక్కలో మిగులుగా కనిపించేది రాష్ట్రమంతటి లెక్కలో బదలాయింపు.

ఒక పిట్టకథ కూడా చెప్పాలి. ఈ చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించిన ఉపాధ్యాయ సంఘం తన సొంత ప్రధాన కార్యాలయంలో క్యాంటీను, శుభ్రత, కాపలా పనులను ప్రైవేటు కంపెనీలకే ఇచ్చిందని అదే మాకినాక్ సెంటర్ బయటపెట్టి పండగ చేసుకుంది. చురక తగిలింది, సందేహం లేదు. కానీ చురక వేరు, లెక్క వేరు.

కాలిఫోర్నియా దారి దీనికి పూర్తిగా ఎదురు. సెనేటర్ రిచర్డ్ అలార్కన్ బిల్లు 2002లో చట్టమై 2003 జనవరి నుంచి అమలైంది. సొంత సిబ్బంది చేస్తూ వచ్చిన పనిని ఖర్చు తగ్గించుకోవడానికి బయటికివ్వాలంటే మిగులు స్పష్టంగా చూపాలి. కాంట్రాక్టరు తక్కువ జీతాలిస్తాడన్న ఒక్క కారణంతో మిగులు వస్తే ఒప్పుకోరు. కాంట్రాక్టరు ఇచ్చే జీతాలు జిల్లా జీతాలను కిందికి లాగకూడదు. ఉన్నవాళ్ల ఉద్యోగం పోకూడదు, హోదా తగ్గకూడదు, వాళ్లను ఇష్టంలేని చోటికి మార్చకూడదు. ఈ షరతులన్నీ దాటి బయటికివ్వగలిగిన పని ఎంత మిగులుతుంది? చాలా కొద్ది. నిషేధం అనే మాట వాడకుండా నిషేధానికి దగ్గరగా వెళ్లిన చట్టమిది. నాకు దీని మీద ఒక అభ్యంతరం ఉంది. కొత్త యంత్రమో మంచి ఏర్పాటో తెచ్చి నిజంగానే పని మెరుగుపరచగల కంపెనీ కూడా ఈ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అయినా ఒక మేలు చేసింది. మిగులు అనే మాటకు అర్థం చెప్పమని అడిగింది.

ఈ ఆలోచనకు పెద్దన్న మసాచుసెట్స్‌లో 1993లో వచ్చిన పషెకో చట్టం. అది బడులకు కాదు, రాష్ట్ర శాఖలకు వర్తించేది. బయటికిస్తే నిజంగా చౌకా కాదా అన్నది రాష్ట్ర ఆడిటర్ చూసి ఒప్పుకోవాలంటుంది. న్యూజెర్సీ 2020లో తెచ్చిన చట్టం ఇంకో దారి పట్టింది. సిబ్బందితో ఒప్పందం నడుస్తుండగా బయటికివ్వకూడదు, గడువయ్యాక ఇవ్వాలన్నా టెండరు పిలిచే 90 రోజుల ముందే యూనియన్‌కు చెప్పి మాట్లాడాలి. ఖర్చు పట్టికల జోలికి పోకుండా మాటామంతీకే చట్టబద్ధత ఇచ్చింది.

ఇక షికాగో. మొదట చెప్పిన ఇల్లినాయ్ సెక్షన్ ఆ రాష్ట్రంలో అన్నిటికంటే పెద్ద స్కూలు జిల్లాకు వర్తించలేదు. షికాగోకు చట్టంలో వేరే అధ్యాయం ఉంది. 1995లో బడులను మేయరు చేతికిచ్చిన సంస్కరణ, పనులు బయటికిచ్చే నిర్ణయాన్ని అక్కడ యూనియన్ బేరసారాల నుంచి తప్పించింది. దాంతో ఒకే రాష్ట్రంలో రెండు ప్రయోగాలు పక్కపక్కన నడిచాయి. చిన్న ఊళ్ల బోర్డులు జనం ముందు పద్దులు విప్పాలి. అప్పట్లో దాదాపు 4 లక్షల మంది పిల్లలున్న మహానగరానికి ఆ ఇబ్బంది లేకపోయింది.

2014 ఫిబ్రవరిలో షికాగో బోర్డు శుభ్రత నిర్వహణను 3 ఏళ్లకు రెండు కంపెనీలకు అప్పగించింది. ఆరామార్క్‌కు 26 కోట్ల డాలర్లు, సోడెక్సోమ్యాజిక్‌కు 8 కోట్ల డాలర్లు. ప్రిన్సిపాళ్లకు తలనొప్పి తగ్గుతుంది, మెరుగైన యంత్రాలొస్తాయి, డబ్బు మిగులుతుంది అన్నారు. ఆ శరదృతువులోనే 470కి పైగా శుభ్రత కార్మికులను తొలగిస్తున్నట్టు వార్త వచ్చింది. ప్రిన్సిపాళ్ల ఫిర్యాదులు మొదలయ్యాయి. చెత్తబుట్టలు నిండిపోతున్నాయి, తామే చీపురు పట్టాల్సి వస్తోంది, ఇంతకుముందు తమ మాట వినే మనిషి ఇప్పుడు తన సూపర్‌వైజరును అడగాలంటున్నాడు. 2018లో షికాగో సన్-టైమ్స్ పత్రిక రాసినదాని ప్రకారం, తనిఖీ చేసిన 125 బడుల్లో 91 శుభ్రత పరీక్షలో తప్పాయి. ఎలుకల పెంటికలు, మురికి పట్టిన వంట సామాను, సబ్బులేని మరుగుదొడ్లు. చివరికి 2024లో ఆరామార్క్‌తో శుభ్రత ఒప్పందానికి తెరదించి నిర్వహణను జిల్లా మళ్లీ తన చేతిలోకి తీసుకుంది. బేరసారాల మీద షికాగోకు మాత్రమే ఉన్న ఆంక్షను అంతకు మూడేళ్ల ముందే, 2021లో, రాష్ట్ర శాసనసభ ఎత్తేసింది.

దీన్ని ఒక్క కంపెనీ తప్పుగా చూస్తే పాఠం పోతుంది. ఒప్పందాల సిద్ధాంతానికి 2016లో నోబెల్ అందుకున్న ఆలివర్ హార్ట్, మరో ఇద్దరితో కలిసి 1997లో ఒక వ్యాసం రాశాడు. ఏ కాంట్రాక్టులోనైనా రాయలేనివి కొన్ని ఉంటాయి. కాంట్రాక్టరుకు ఖర్చు తగ్గించే తొందర ఎక్కువ. అది నాణ్యతను దెబ్బతీసినా, రాతలో లేనిచోట దెబ్బతీస్తే పట్టుకోలేం. బడి విషయంలో ఇది అచ్చంగా సరిపోతుంది. మా హైస్కూల్లో గంట కొట్టే అటెండరుకు ఏ పిల్లాడికి మూర్ఛ వస్తుందో, ఏ పిల్ల తండ్రి తాగి గేటు దగ్గరికొస్తాడో తెలుసు. ఆ తెలివిడిని ఏ టెండరు షెడ్యూల్లో ఏ నెంబరు కింద వేస్తారు? చదరపు అడుగుకు ఇంత అని ఊడ్చడాన్ని కొలవచ్చు. అందుకే కొలిచేది మిగులుతుంది, మిగతాది జారిపోతుంది.

భోజనం దగ్గర కథ కాస్త వేరు, ఎందుకంటే అక్కడ ఫెడరల్ డబ్బుంది. జాతీయ స్కూలు భోజన పథకం నిబంధనలు భోజన కంపెనీతో ఒప్పందాన్ని ఒక్క ఏడాదికే ఒప్పుకుంటాయి. తరువాత ఏడాదికోసారి చొప్పున నాలుగుసార్లు మించి పొడిగించడానికి వీల్లేదు. ఖర్చు మీద ఇంత శాతం లాభం అనే పద్ధతి నిషిద్ధం, ఎందుకంటే అప్పుడు ఖర్చు పెరిగేకొద్దీ కంపెనీకి పండగే. ఇంత కట్టుదిట్టంలోనూ సందు దొరికింది. సరుకులమ్మే కంపెనీల నుంచి వచ్చిన తగ్గింపు సొమ్మును బడులకు అందనివ్వలేదన్న ఆరోపణ మీద సోడెక్సో కంపెనీ 2010లో న్యూయార్క్ రాష్ట్రానికి 2 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది. మన ఊళ్లలో కిరాణా కొట్టువాడు హాస్టల్ వంటవాడికిచ్చే కమీషన్ తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

ఇక రవాణా. అమెరికా స్కూలు బస్సుల్లో సుమారు మూడో వంతు కాంట్రాక్టర్లవే. పెన్సిల్వేనియాలో బయటికిచ్చాక రవాణా ఖర్చు పెరిగిందే గాని తగ్గలేదని కీస్టోన్ రీసెర్చ్ సెంటర్ 2012లో లెక్కలేసి చూపింది. ఆ సంస్థ కార్మికుల వైపు మొగ్గేది, మాకినాక్ మార్కెట్ వైపు మొగ్గేది. ఇద్దరి లెక్కలూ చదివాక నాకు మిగిలిన అభిప్రాయం ఒకటే. రవాణాలో అసలు ప్రశ్న గుత్తాధిపత్యం. బోర్డు ఒకసారి తన బస్సులు అమ్మేసుకుంటే మళ్లీ కొనలేదు. రెండో టెండరు నాటికి పక్క ఊళ్లో పోటీ వేసే కంపెనీ ఉండకపోవచ్చు. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోయే పట్టికలు ఆరో ఏడాది ధర చూపవు.

అట్లాంటిక్ అవతలి ఒడ్డున బ్రిటన్ ఈ విషయంలో అన్నిటికంటే తీవ్రంగా వెళ్లింది. 1988 స్థానిక ప్రభుత్వాల చట్టం బడి వంట, భవనాల శుభ్రతలాంటి పనులకు టెండరు పిలిచి తీరాలంది. స్థానిక కౌన్సిల్ సొంత సిబ్బందితోనే చేయించాలన్నా బయటి కంపెనీలతో పోటీపడి గెలవాలి. నార్త్ యార్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్ అలా పోటీపడింది. గెలవడానికి బడిలో అన్నం వడ్డించే ఆడవాళ్ల జీతాలు కోసింది. వాళ్ల పని విలువ, కౌన్సిల్లో చెత్త ఎత్తే, తోటపని చేసే మగవాళ్ల పనితో సమానమని అంతకుముందే లెక్కగట్టి ఉంది. మగవాళ్ల జీతం అలాగే ఉంది. ఈ ఆడవాళ్లదే తగ్గింది, ఎందుకంటే బయటి మార్కెట్లో వంటగది ఆడవాళ్లకు ఇచ్చేది అంతే. వాళ్లు కోర్టుకెక్కారు. 1995లో హౌస్ ఆఫ్ లార్డ్స్ వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. మార్కెట్లో ఆడవాళ్లకు తక్కువిస్తారన్న కారణం సమాన వేతన చట్టం ముందు నిలవదంది. పనులు బయటికిచ్చే చట్టం ఏం చెప్పినా, పక్కనే ఉన్న ఇంకో చట్టం అడ్డుపడింది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. అదే కౌంటీలో వంట, శుభ్రత పనులు నిజంగానే ప్రైవేటు కంపెనీల చేతికి పోయాయి. అదే పని చేస్తున్న ఆడవాళ్లు మళ్లీ కోర్టుకెళ్లి, కౌన్సిల్లో ఉన్న మగవాళ్లతో సమానంగా ఇవ్వమన్నారు. 2002 సెప్టెంబరులో యూరోపియన్ న్యాయస్థానం కుదరదంది. ఈ ఇద్దరి జీతాలకూ ఒకే యజమాని లేడు, తేడాకు జవాబుదారీ ఎవరూ లేరు, కనుక పోల్చడానికి వీల్లేదు అన్నది తర్కం. గరిటె అదే, బడి అదే. మధ్యలో కాంట్రాక్టరు వచ్చి నిలబడితే చాలు, 1995లో గెలిచిన హక్కు 2002కల్లా ఎవరిమీదా చూపించలేనిదైపోయింది. ఈ రెండు తీర్పులు కలిపి చదివితే ఇల్లినాయ్ వాళ్లు పోల్చదగ్గ సదుపాయాలు అనే మాటను కాంట్రాక్టరు నెత్తినే ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. పోలిక తెగిపోకుండా ముడివేయడానికి అది ఒక తాడు.

మన దగ్గర స్కూలు బోర్డులు లేవు గనుక ఈ ప్రశ్న వేరే గుమ్మంలోంచి వచ్చింది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం, నిత్యం సాగే పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. నిషేధించినంత మాత్రాన ఆ కార్మికులు అసలు యజమాని ఉద్యోగులైపోరని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల్లో ఒకటి ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను నిషేధిస్తూనే, సంస్థ దానికోసమే పెట్టింది కాకపోతే ప్రధానం కాదని ఒక జాబితా ఇచ్చింది. ఊడవడం, కాపలా, క్యాంటీను, తోటపని, రవాణా అందులో ఉన్నాయి. మిషిగన్ చట్టం బోధనేతరం అన్న మాటతో చేసిన పనినే ఈ జాబితా మనకు చేసిపెట్టింది.

ఆంధ్రప్రదేశ్ 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్‌ను ప్రారంభించి మధ్యలోని ప్రైవేటు ఏజెన్సీలను తప్పించింది. కమీషన్ల బెడద పోయింది, జీతం నేరుగా ఖాతాలో పడింది. పేరులో మాత్రం ‘అవుట్‌సోర్స్‌డ్’ అలాగే ఉంది. బడి మరుగుదొడ్ల సంగతి ఇంకో తమాషా. అమ్మఒడి పథకం కింద తల్లికిచ్చిన 15,000లో 1,000 మినహాయించి నిర్వహణ నిధి చేశారు. దానిలోంచి ఆయాకు నెలకు 6,000 ఇచ్చారు, ఆమెను పెట్టుకున్నది తల్లిదండ్రుల కమిటీ. మినహాయింపు ఇచ్చిన తల్లీ, ఆ డబ్బుతో మరుగుదొడ్డి కడిగిన తల్లీ ఒకే వీధివాళ్లు.

మధ్యాహ్న భోజనం వండే అక్కలది మరీ విడ్డూరం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నెలకు 3,000. బిల్లులు ఆలస్యమైతే కొట్టులో అరువు తెచ్చి పొయ్యి వెలిగించేదీ వాళ్లే. కాగితాల్లో వాళ్ల పేరు ‘వంట ఏజెన్సీ’, అంటే కాంట్రాక్టరూ వాళ్లే, కూలీ కూడా వాళ్లే. యార్క్‌షైర్ ఆడవాళ్లు తమను పక్కనున్న చెత్త బండి మగవాళ్లతో పోల్చమని అడిగారు. వీళ్లు ఎవరితో పోల్చమని అడగాలి? చేతికొచ్చేదాన్ని జీతం అనరు. ‘గౌరవ వేతనం’ అంటారు.